జనం లేని కొండ

ఆ కొండను నేనెందుకు ఎంచుకున్నానో ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. అక్కడ ప్రశాంతంగా ఉంటుందని అన్నాను. ఎవరూ చెత్త వేయరని, పాటల పెట్టెలు మోగించరని, మనమిచ్చే డబ్బు నేరుగా ఊరివాళ్ళకే చేరుతుందని అన్నాను. అవన్నీ నిజాలే. కానీ నాకు కావలసింది వేరు. మా బాపు గబగబా నడుస్తుంటే చూసి గుర్తుపట్టేవాళ్ళు ఒక్కరూ ఉండని చోటు నాకు కావాలి. రోజూ డైరీ రాసే అలవాటు నాది. ఈ ఒక్క మాట అందులో కూడా రాయలేదు.

మా గోదావరిఖనిలో బొగ్గుగనిని బాయి అంటారు. బాపు బాయిలో డ్యూటీలో ఉండగా పైకప్పు నుంచి ఒక పెళ్ల ఊడి నడుము మీద పడింది. చాలా రోజులు దవాఖానలో ఉన్నాడు. నొప్పి నడుములో పుట్టి ఎడమకాలి పిక్క దాకా దిగేది. బరువులు ఎత్తవద్దు, వంగి పనిచేయవద్దు, ఇక బాయిలోకి దిగవద్దు అన్నారు. మెడికల్ బోర్డు బాపును అన్‌ఫిట్ చేసింది. అలా అన్‌ఫిట్ అయిన కార్మికుడి కొలువు పిల్లల్లో ఒకరికి వస్తుంది. మా ఇంట్లో నేనొక్కదాన్నే. ఆఫీసులో ఫైళ్ళు చూసే పని ఇచ్చారు. మేముంటున్న క్వార్టరు నా పేరు మీదికి మారింది.

మా దగ్గర అన్‌ఫిట్ అన్న మాటను ఎవరూ ఊరికే వినరు. నిజంగా ఒళ్ళు చెడినవాళ్ళు ఉన్నారు. పిల్లల కొలువు కోసం లేని రోగం నటించారని పేరు పడ్డవాళ్ళూ ఉన్నారు. ఎవరు ఏ రకమో పైకి చూస్తే తెలియదు. అందుకే అందరూ చూస్తూనే ఉంటారు.

రోజూ రెండు పూటలా నడవాలని, నడకే మందని డాక్టరు చెప్పాడు. బాపు పొద్దున్నే కాలనీ గ్రౌండు చుట్టూ తిరగడం మొదలుపెట్టాడు. ఆయనకు నెమ్మదిగా నడవడం రాదు. ఫస్టు షిఫ్టుకు పోయే మనిషిలాగే నడుస్తాడు. వారం గడిచిందో లేదో, ఒకరోజు చాయ్ హోటల్ ముందు కూర్చున్న ఎవరో అన్నారట: "అన్‌ఫిటైన మనిషి ఫిట్టున్నోళ్ళ కన్న ముందు పోతున్నడు సూడుండ్రి." నలుగురూ నవ్వారట. బాపు ఆ మాట ఇంటికొచ్చి మాకు చెబుతూ తానూ నవ్వాడు. మర్నాడు నడకకు వెళ్ళలేదు. ఆ తర్వాత కూడా వెళ్ళలేదు.

కొన్ని రోజులకు అమ్మ ఎక్కడినుంచో ఒక చేతికర్ర తెచ్చి తలుపు పక్కన పెట్టింది. బయటికి వెళ్ళేటప్పుడు బాపు దాన్ని పట్టుకునేవాడు, తిరిగి రాగానే అక్కడే పెట్టేవాడు. పక్క క్వార్టర్లవాళ్ళు లేవకముందే పెరట్లో నడిచేవాడు. జామచెట్టు నుంచి నీళ్ళ తొట్టి దాకా, తొట్టి నుంచి మళ్ళీ జామచెట్టు దాకా. ఆ చెప్పుల చప్పుడు వింటూ నేను జడ వేసుకునేదాన్ని. తర్వాత టిఫిన్ డబ్బా సర్దుకుని, ఆయన కొలువుకు వెళ్ళేదాన్ని.

మా సెక్షన్‌లో అందరికంటే పెద్దదైన అక్క ఒకరోజు మా ఊళ్ళకు దగ్గర్లోని జలపాతం కొండకు పోదామంది. వానలు వెలిసిన కాలం. ఆదివారం వస్తే ఖని, మంచిర్యాల, రామకృష్ణాపూర్ అన్నీ అక్కడే ఉంటాయి. మెట్ల దారి పొడుగునా తెలిసిన ముఖాలే కనిపిస్తాయి. ఇంటివాళ్ళను కూడా తీసుకురమ్మని అందరికీ చెబుతూ నా వైపు తిరిగింది.

"మీ బాపును గూడ తీస్కరా పిల్లా. ఎక్కకుంటె ఏంది, కింద బండ్ల కూసుండి సూస్తడు."

ఆమె ప్రేమగానే అంది. కొండ కింద బండిలో కర్ర పట్టుకుని కూర్చున్న బాపు నాకు కనిపించాడు. పక్కనుంచి పిల్లలు, ముసలివాళ్ళు మెట్లెక్కి పోతున్నారు. అప్పుడే నా నోటినుంచి ఆ మాట వచ్చింది, నేను వేరే కొండకు పోతున్నానని.

"నీకు మందిని సూస్తెనే జరమొస్తది. ఆడికి పోయి చెట్లతోని మాట్లాడుతవా?" అని నవ్వింది అక్క.

ఆఫీసులో నేను మాట్లాడేదే తక్కువ. బల్ల సొరుగులో పుస్తకం పెట్టుకుని మధ్యాహ్నం తలుపు వైపు వీపు పెట్టి చదువుకుంటాను. ఆరోజు మాత్రం ఎవరో తోసినట్టు మాటలు వచ్చేశాయి. గోలేటి దాటి లోపలికి పోతే గుట్టల్లో ఒక గోండు ఊరుందని, కొండ దారిని ఊరంతా కలిసి చూసుకుంటుందని, రోజుకు కొద్దిమందినే రానిస్తారని చెప్పాను. వంతుల ప్రకారం ఇంటికొకరు వెంట వస్తారు, వాళ్ళ ఇంట్లోనే భోజనం. అంతా ఒక పత్రికలో చదివింది. జనం తొక్కి తొక్కి పాడుచేసిన కొండకు మళ్ళీ మనం పోవడం దేనికని కూడా అన్నాను. అందరూ శ్రద్ధగా విన్నారు.

"సదువుకునే పిల్ల గదా, ఎంత మంచిగ ఆలోచిస్తదో" అంది అక్క. ఈసారి నవ్వలేదు.

నాకు చెవులు కాలిపోయాయి. ఫైలు తెరిచి ఒకే పేజీని చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. చెప్పినవాటిలో అబద్ధం ఒక్కటీ లేదు. అయినా అంత సిగ్గు నాకు అబద్ధం చెప్పినప్పుడు కూడా వేయలేదు.

ఊరివాళ్ళకు ఫోన్ చేసి ఇద్దరం వస్తామని చెప్పాను. బాపును ఒప్పించడానికి కష్టపడతాననుకున్నాను. "ఆడ మనోళ్ళెవరన్న ఉంటరా?" అని ఒక్క మాట అడిగాడు. ఉండరన్నాను. సరేనన్నాడు. ఆయన ఎందుకు అడిగాడో నాకు తెలుసు, నేనెందుకు అలా జవాబిచ్చానో ఆయనకు తెలుసు. ఇద్దరమూ ఒకరి ముఖం ఒకరం చూసుకోలేదు.

ఆదివారం పొద్దున కర్ర పట్టుకునే బస్టాండుకు వచ్చాడు. రెండు బస్సులు మారాం. గోలేటి దగ్గరికి రాగానే కిటికీలోంచి కాలనీ వైపు చూస్తూ, తన పాత దోస్తు ఒకడు ఇక్కడికే బదిలీ అయి వచ్చాడని చెప్పాడు. ఒకే షిఫ్టులో ఏళ్ళ తరబడి కలిసి పనిచేశారట. బాపుకు దెబ్బ తగలకముందే అతను వెళ్ళిపోయాడు, మళ్ళీ కలవలేదు. నవ్వించి నవ్వించి చంపేవాడన్నాడు. ఆగి కలిసి పోదామా అని నేను అడగలేదు. బాపూ అడగలేదు. ఆటో ఎక్కి గుట్టల్లోకి వెళ్ళిపోయాం.

ఆ వారం వంతు వచ్చిన ఇంట్లో మా అమ్మ వయసు ఆమె ఉంది. మాతోపాటు హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కొత్త జంట కూడా ఉంది. ఇద్దరూ కంప్యూటర్ ఉద్యోగులు. ఇంటామె మాకు నీళ్ళిచ్చి, ఊరి కట్టుబాట్లు చెప్పింది. కేకలు వేయకూడదు. పైన వాళ్ళ దేవుడున్నాడు, బండ దగ్గర చెప్పులు విడవాలి. ఇంకొకటి, వచ్చినవాళ్ళలో వయసులో పెద్దవాళ్ళు ముందు నడవాలి. వాళ్ళను దాటి ఎవరూ పోకూడదు. పెద్దవాళ్ళు ఎంత జోరుగా పోతే అందరూ అంతే జోరు, వాళ్ళు ఆగితే అందరూ ఆగాలి.

"అయితే అంకుల్ లీడర్" అన్నాడు ఆ అబ్బాయి, కొంచెం దిగులుగానే. ఇక రోజంతా పాకుతూ పోవాలనుకున్నట్టున్నాడు.

బాపు కర్రను ఆమె ఇంటి అరుగు మీద పెట్టాడు. తీసుకుపోరా అని ఆమె అడిగింది. అక్కర్లేదన్నాడు.

ఆ తర్వాత జరిగింది ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఊరు దాటి టేకుచెట్ల మధ్య దారి పైకి తిరగగానే బాపు భుజాలు విప్పుకున్నాయి. చేతులు ఊగసాగాయి. నేను స్కూలుకు పోయే రోజుల్లో డ్యూటీకి పోతూ నన్ను గేటు దాకా దింపేవాడు, ఆ నడక మళ్ళీ చూశాను. ఆయన వెనుక నేను పరుగులాంటి నడక నడుస్తున్నాను. నా వెనుక ఆ జంట ఎగపోస్తూ వస్తున్నారు. మొదటి మలుపు దగ్గరే ఆ అబ్బాయి నడుము మీద చేతులు పెట్టుకుని నిలబడిపోయాడు.

"ఈ కాక మా మేకల కన్న జోరుగున్నడు" అంది చివరన వస్తున్న ఇంటామె.

బాపు గట్టిగా నవ్వాడు. ఆ నవ్వు మా క్వార్టరులో విని చాలాకాలమైంది. షిఫ్టు అయిపోయాక బాయిలోంచి పైకి ఎక్కే దారి కూడా ఇలాగే ఏటవాలుగా ఉంటుందని వాళ్ళకు చెప్పాడు. "కాకపోతే ఈడ ఎలుతురున్నది" అన్నాడు. తునికిచెట్టును చూపించి కాయలు ఎప్పుడొస్తాయో అడిగాడు. వాగు దాటేటప్పుడు రాళ్ళ మీద నిలబడి నాకు చెయ్యి అందించాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని సంతోషపడ్డాను. పట్టుకున్నంతసేపూ దారికి అటూ ఇటూ కూడా చూశాను, ఎవరైనా ఉన్నారేమోనని. అంత అడవిలో, అంత దూరంలో కూడా దొంగసొమ్ము దాచుకున్నదానిలా చూశాను.

పైన బండ దగ్గర చెప్పులు విడిచి మేం గడ్డి మైదానంలోకి అడుగుపెట్టేసరికి అక్కడ చెట్టు కింద ఒకాయన కూర్చుని ఉన్నాడు. పక్కన ఊరి మనిషి ఒకతను. బాపు నా కంటే చాలా ముందున్నాడు. రెండంగల్లో అక్కడున్న గట్టు ఎక్కి నిలబడ్డాడు.

"ఏం బావా, నువ్వేనా?" అన్నాడు చెట్టు కింది మనిషి లేస్తూ.

బాపు దోస్తు. గోలేటిలో కొలువు చేసి రిటైరైనవాడు. నెలకోసారైనా ఈ కొండ ఎక్కుతాడట, ఊరివాళ్ళందరికీ తెలుసట. ఈ కొండకు మనవాళ్ళెవరూ రారని నాకెలా తెలుసనుకున్నానో. గోలేటి నుంచి ఇది ఎంత దగ్గరో నేను ఆలోచించనే లేదు. మా ఊరి మనుషులు లేని కొండ కావాలని చూశాను గానీ, మా బొగ్గు బెల్టు అంతా ఒకే ఊరని మరిచిపోయాను.

బాపు చెయ్యి నడుము మీదికి పోయింది. దోస్తు వైపు అడుగులు వేశాడు, కుంటుతూ. కుడికాలు ఈడుస్తూ.

నేను ప్రతి ఆదివారం నూనె రాసే కాలు ఎడమది.

ఇద్దరూ కౌగిలించుకున్నారు. దోస్తు అన్‌ఫిట్ సంగతి తాను విన్నానని, నడుము ఎలా ఉందని అడిగాడు. "గట్లనే ఉన్నది బావా. బిడ్డ ఇననే ఇనదు, గుంజుకచ్చింది" అన్నాడు బాపు. ఆయన నా వైపు చూడకుండానే ఆ మాట అన్నాడు. దోస్తు నన్ను చూశాడు, మేమెక్కి వచ్చిన దారిని చూశాడు. మంచి పని చేశావు బిడ్డా అన్నాడు.

కూర్చున్నాం. ఆయన నవ్వించే మనిషే. హైదరాబాద్ జంటకు బాయి కబుర్లు చెప్పి పొట్ట చెక్కలయ్యేట్టు నవ్వించాడు. పిల్లలేం చేస్తున్నారని బాపు అడిగాడు. కొడుకు గోలేటి క్రాస్‌రోడ్డు దగ్గర షేర్ ఆటో నడుపుతున్నాడన్నాడు. తనకూ మోకాళ్ళు, ఊపిరి బాగాలేక బోర్డుకు వెళ్ళాడట. వెళ్ళిన ప్రతిసారీ ఫిట్ అనే రాశారట.

"నా పానం గట్టిదై నా కొడుకు కిస్మత్ చెడగొట్టింది బావా" అని నవ్వాడు.

బాపు నవ్వలేదు. గడ్డి పరక తుంచి వేలికి చుట్టుకుంటూ కూర్చున్నాడు. నేను చెప్పాలనుకున్నాను. దెబ్బ నిజమేనని, చలికాలంలో ఇప్పటికీ బాపు బోర్లా పడుకోలేడని, నడవమన్నది డాక్టరేనని. మూడు వాక్యాలు. మనసులో వాటిని వరుసలో పెట్టుకున్నాను, పుస్తకంలో మంచి వాక్యం కనిపిస్తే లోలోపల చదువుకుంటానే, అలా. పైకి ఒక్కటీ రాలేదు. ఆటో నడిపే కొడుకు తండ్రి ముందు, కొలువు తెచ్చుకున్న కూతురు ఆ మాటలు చెబితే ఎలా ఉంటుందో కూడా అప్పుడే తోచింది.

దిగేటప్పుడు ఇంటామె అందరినీ ఒకే వరుసలో కలిపింది. వయసులో దోస్తే పెద్ద కాబట్టి ఆయన ముందు, వెనుక బాపు, తర్వాత నేను, నా వెనుక ఆ జంట, చివరన ఆమె, ఊరి మనిషి. నెలకోసారి ఈ కొండ ఎక్కి దిగే మనిషి, ఆరోజు మాత్రం చాలా నెమ్మదిగా నడిచాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. బాపు కుడికాలు ఈడుస్తూనే ఉన్నాడు. అప్పుడప్పుడు మరిచిపోయి నాలుగడుగులు మామూలుగా వేసేవాడు. ముందున్నాయన ఏదో ఒక మాట అనగానే మళ్ళీ కుంటు మొదలయ్యేది. అందరం ఆ కుంటు వెనుక ఆగి ఆగి దిగాం. దాటిపోవడానికి లేదు, ఊరి కట్టుబాటు.

"అంకుల్, ఎక్కేటప్పుడు బాగానే ఉన్నారు కదా? ఏమైంది?" అని అడిగింది ఆ అమ్మాయి. పాపం, నిజమైన కంగారుతోనే అడిగింది, గట్టిగానే.

బాపు ఆగిపోయాడు. ముందున్నాయన కూడా ఆగాడు, తిరగకుండానే. ఎవరో ఒకరు జవాబు చెప్పాలి. రోజంతా పైకి రాని నా గొంతు అప్పుడు వచ్చింది.

"పైన రాయి మీద జారిండు" అన్నాను.

వెంటనే ఇంటామె చివరినుంచి ముందుకు వచ్చింది. వరుస దాటడం వంతు ఇంటివాళ్ళకు మాత్రమే చెల్లుతుంది. ఏ రాయి, ఎప్పుడు అని అడగలేదు. దారంతా వెనుకే ఉన్న మనిషికి ఎవరూ జారలేదని తెలుసు. బాపును బండ మీద కూర్చోబెట్టి, ఏ కాలని మాత్రం అడిగింది. బాపు కుడి మడమ చూపించాడు. ఆమె పక్క పొదలోంచి ఆకు తెంపి, రాతి మీద నలగ్గొట్టి, ఆ పసరును బాగున్న కాలికి పట్టించింది. తన కొంగు అంచు చింపబోతే నేను నా చేతిరుమాలు ఇచ్చాను. దాంతో కట్టు కట్టింది. బాపు తల వంచుకుని తన కాలినే చూస్తూ కూర్చున్నాడు. స్కూల్లో టీచరు ముందు నిలబడ్డ పిల్లవాడు కూడా అంత చిన్నగా అయిపోడు. దోస్తు మాత్రం లోయ వైపు చూస్తూ నిలబడ్డాడు.

ఊరు చేరాక ఆమె ఇంట్లో జొన్నరొట్టె, పప్పు, పచ్చిమిరప తొక్కు పెట్టారు. ఆ జంట బాగా తిన్నారు, ఊరి గురించి అడిగి తెలుసుకున్నారు. ఇలాంటి చోటికి తీసుకొచ్చే కూతురు ఉండటం అంకుల్ అదృష్టమని ఆ అబ్బాయి అన్నాడు. బాపు అవునన్నాడు. రొట్టె సగం కూడా తినలేదు. చేతులు కడుక్కుంటానని పెరట్లోకి వెళ్ళాడు, చాలాసేపు రాలేదు. నీళ్ళ చప్పుడు ఆగిపోయినా రాలేదు.

దోస్తు వెళ్ళడానికి లేచాడు. వాకిట్లో నేనొక్కదాన్నే ఉన్నాను. ఇప్పుడు చెప్పాలి. ఎడమకాలు అనాలి, కుడిది కాదు. జారలేదని అనాలి. రెండూ చెబితే ఒకదాన్ని నమ్ముతాడు, మరొకదాన్ని నమ్మడు. ఏది ముందు చెప్పాలో తేల్చుకోలేక "కాకా" అని మాత్రం అనగలిగాను.

ఆయన నా తల మీద చెయ్యి పెట్టాడు. పెరటి వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించాడు. ముఖంలో కోపం లేదు, వెటకారం లేదు. అవి ఉన్నా బాగుండేది.

"మీ బాపును ఇంట్ల కూసోవెట్టకు బిడ్డా, గిట్లనే తోల్కపోయి నడిపియ్యి. నేనెవ్వలకు చెప్ప."